పాత బీడు పెనం తూకానికి వేయొద్దు

మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక పొదుపు గ్రూపు లీడరు చేసిన ప్రసంగం



ఏటా ఈ సమావేశంలో ఒక గ్రూపు పాడిబర్రెల గురించి చెబుతుంది, ఒక గ్రూపు మిషన్ కుట్టు గురించి చెబుతుంది. మమ్మల్ని ఈసారి ఇనుప బోకుల గురించి చెప్పమన్నారు. పాత పెనాలకు తుప్పు వదిలించి మళ్లీ పొయ్యి మీదికి తెచ్చే పని మేము చేస్తున్నాం. వినడానికి చిన్న పనే. కానీ ఇందులో మన డబ్బు ఉంది, మన ఒంట్లో రక్తం ఉంది, మనకు తెలియకుండానే మన చేతిలోంచి పోతున్న ఆస్తి ఉంది. అందుకే కొంచెం వివరంగా చెబుతాం, ఓపిగ్గా వినండి.

మన ఊళ్లకు పాత సామాన్ల ఆటో వస్తుంది. మైకులో చెప్పుకుంటూ వీధివీధి తిరుగుతుంది. అటక మీద, గాదె కింద, గొడ్ల కొట్టంలో పడి ఉన్న ఇనుమంతా తెచ్చి తూకానికి వేస్తాం. విరిగిన గొడ్డలి, అరిగిన నాగలి కర్రు, సైకిలు చక్రం, వాటితో పాటే అవ్వ కాలం నాటి దోసె పెనం. తూకంలో అన్నీ ఒకటే. మూడు కిలోల పెనానికి వంద రూపాయలు కూడా చేతికి రావు, లేకుంటే ఒక ప్లాస్టిక్ బకెట్ ఇచ్చి పోతారు. ఆ బకెట్ ఎండకు రెండేళ్లకే పిగులుతుంది. అదే బరువున్న బీడు పెనం ఈరోజు కొత్తది కొనాలంటే వెయ్యి రూపాయలు దాకా పెట్టాలి. టౌన్లలో ఇప్పుడు మళ్లీ అందరూ బీడు పెనాలే వెతుక్కుంటున్నారు. మన దగ్గర ఉన్నదాన్ని మనం తూకానికి వేసి, నాన్‌స్టిక్ పెనం వాయిదాల మీద కొంటున్నాం. దాని పూత గీసుకుపోతే మళ్లీ ఇంకొకటి.

బీడు అంటే ఏమిటి

మన ఇళ్లలో ఇనుప బోకులు రెండు రకాలు. ఒకటి కమ్మరాయన కొలిమిలో కాల్చి సుత్తితో సాగగొట్టి చేసింది, లేదంటే రేకుతో చేసింది. రొట్టె పెనాలు, పలచటి బాండ్లీలు ఎక్కువగా ఈ రకం. రెండోది ఇనుమును కరిగించి ఇసుక అచ్చులో పోసి చేసింది. చదువుకున్నవాళ్లు దీన్ని పోత ఇనుము అంటారు, మన పెద్దోళ్లు బీడు అంటారు. మందపాటి దోసె పెనం, గుంత పొంగణాల పెనం, లోతు మూకుడు ఎక్కువగా బీడువే.

బీడులో నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు కార్బన్ ఉంటుంది. అందుకే అది గట్టిగా ఉంటుంది కానీ పెళుసు. సాగగొట్టిన ఇనుము కిందపడితే సొట్ట పోతుంది, బీడు కిందపడితే పగులుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, దాన్ని ఎట్లా చూసుకోవాలో సగం తెలిసినట్టే.

అయస్కాంతం పెడితే రెండు రకాలకూ అంటుకుంటుంది, హిండాలియం బోకుకు అంటుకోదు. చేతితో తడిమితే బీడు మీద సన్నటి ఇసుక గరుకు తెలుస్తుంది. చాలా ఏళ్లు వాడినదైతే లోపలివైపు అద్దంలా నున్నగా అరిగి ఉంటుంది. ఆ నునుపు కొత్త పెనానికి ఉండదు. ముప్పై నలభై ఏళ్లు ఒకరి తర్వాత ఒకరు దోసెలు పోసి పోసి తెచ్చిన నునుపు అది. పాతదానికి విలువ అందుకే.

ఏది బాగుపడుతుంది, ఏది పడదు

పెనం తెచ్చినామె ముందరే మేము మూడు పరీక్షలు చేస్తాం.

మొదటిది చప్పుడు. పెనాన్ని చెవి దగ్గర పట్టుకొని ఎత్తి, గరిటె కాడతో తట్టాలి. ఖంగుమని గంటలా మోగితే బాగున్నట్టు. బొద్దుగా, పగిలిన కుండలా వినిపిస్తే ఎక్కడో బీట ఉన్నట్టు. బీట మసి కింద కనపడదు, చప్పుడులో దొరికిపోతుంది. బీట ఉన్నదాన్ని వంటకు వాడొద్దు. వేడి మీద రెండు ముక్కలై కాగిన నూనె కాళ్ల మీద పడుతుంది. వెల్డింగు పెట్టించినా బీడు మీద నమ్మకంగా నిలవదు. అట్లాంటిది కరివేపాకు మొక్కకు తొట్టిగా పెట్టుకోండి.

రెండోది అడుగు. చదును బండ మీద పెట్టి నాలుగు వైపులా నొక్కితే ఊగకూడదు. కట్టెల పొయ్యికి కొంచెం వంకర ఉన్నా నడుస్తుంది, గ్యాసు మీద అయితే నూనె ఒక పక్కకే పోతుంది.

మూడోది, అడగాల్సిన ప్రశ్న. ఈ బోకు వంటకు కాకుండా ఇంకేదైనా పనికి వాడారా? కొట్టంలో ఉన్న మూకుడులో రంగు కలిపి ఉండొచ్చు, బండి ఆయిలు పోసి ఉండొచ్చు, చేను మందు కలిపి ఉండొచ్చు, సీసం కరిగించి ఉండొచ్చు. ఆ అనుమానం ఏమాత్రం ఉన్నా మేము ముట్టుకోం. తుప్పు పోతుంది కానీ విషం పోయిందని ఎవరు చెప్పగలరు?

ఈ మూడూ దాటితే, పైన ఎంత ఎర్రగా తుప్పు పట్టి ఉన్నా భయం లేదు. తుప్పు పైపైనే ఉంటుంది.

మడ్డి, తుప్పు వదిలించడం

పాత పెనం మీద రెండు ఉంటాయి. ఒకటి నల్లటి మడ్డి, అంటే ఏళ్ల తరబడి కాలిన నూనె, మసి. రెండోది ఎర్ర తుప్పు. వీటికి మందులు వేరువేరు.

మడ్డికి చాకలి సోడా. పెనం మునిగేంత వెడల్పు ఇనుప తొట్టిలోనో స్టీలు బోకులోనో నీళ్లు కాచి, బకెట్ నీళ్లకు రెండు గుప్పిళ్ల సోడా వేసి, పెనాన్ని ఒక రాత్రి నానబెట్టాలి. అల్యూమినియం బోకులో ఈ పని అసలు చేయొద్దు, సోడా దాన్ని తినేస్తుంది. పొద్దున కొబ్బరి పీచు, బూడిద పెట్టి తోమితే మడ్డి పొరలు పొరలుగా ఊడుతుంది. ఒకసారికి పోకుంటే రెండోసారి, మూడోసారి. చేతులకు ప్లాస్టిక్ కవరైనా కట్టుకోండి, సోడాకు చర్మం పగులుతుంది. తొందరగా పోతుందని కొందరు కాస్టిక్ సోడా చెబుతారు. అది కంట్లో పడితే చూపు పోతుంది, చర్మాన్ని కాలుస్తుంది. పిల్లలు తిరిగే ఇళ్లలో వద్దని మా గ్రూపు తీర్మానం రాసుకుంది.

పెద్దోళ్లు కొందరు పెనాన్ని మంటల్లో పడేసి ఎర్రగా కాల్చేవాళ్లు. మడ్డి బూడిదై రాలేది, నిజమే. కానీ అంత మంటకు బీడు వంకర పోవచ్చు, పగలనూ వచ్చు. రేకు పెనానికి చేసినట్టు బీడుకు చేయొద్దు.

ఇక తుప్పుకు పులుపు. కిరాణా కొట్లో దొరికే వెనిగర్‌లో అన్ని నీళ్లు కలిపి, పెనం మునిగేట్టు అరగంట పెట్టి, తీసి తోమి చూడాలి. ఇంకా ఉంటే మళ్లీ అరగంట. రాత్రంతా వదిలేస్తే పులుపు తుప్పును తిన్నాక ఇనుమునే తింటుంది, పెనం గుంతలు పడుతుంది. వెనిగర్ లేని ఇంట్లో చింతపండు గుజ్జు, రాతి ఉప్పు వేసి రుద్దినా వస్తుంది, కాకుంటే చేతికి పని ఎక్కువ. తేలికపాటి తుప్పుకు మన పాత పద్ధతి పుల్లటి గంజి. అన్నం వార్చిన గంజి పులియనిచ్చి, రోజూ మార్చుతూ మూడు రోజులు పోసి ఉంచితే సరిపోతుంది. మా గ్రూపులో డెబ్బై ఏళ్ల పెద్దమ్మ ఒకామె ఉంది. కొత్త పెనం తెస్తే మొదట చేసే పని ఇదేనని ఆమె మాకు చూపించింది.

పులుపు తర్వాత కొంచెం సోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగి, ఆ క్షణమే పొయ్యి మీద పెట్టి ఆరబెట్టాలి. ఎండలో ఆరుతుందిలే అని గోడకు ఆనించి పోతే, తిరిగి వచ్చేసరికి పసుపు పూసినట్టు కొత్త తుప్పు కనపడుతుంది. శుభ్రమైన ఇనుముకు తడి అంటే అంత తొందర. తుప్పంతా పోయిన పెనం నల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. చూసి భయపడొద్దు. నలుపు మనం మళ్లీ తెప్పిస్తాం.

నూనె పట్టించడం

అసలు పని ఇదే. నూనె పూసి ఎక్కువ వేడి చేస్తే ఆ నూనె నూనెగా ఉండదు. గట్టిపడి ఇనుముకు అతుక్కొని, వార్నిష్ వేసినట్టు ఒక పొర అవుతుంది. ఆ పొరే తుప్పును ఆపుతుంది, దోసె అంటుకోకుండా చేస్తుంది. కంపెనీ పూత గీసుకుపోతే దాన్ని మనం మళ్లీ వేయలేం. ఈ పూత పోతే మన ఇంట్లోనే మళ్లీ వేసుకోవచ్చు. రెంటికీ తేడా ఇదే.

ఆరిన పెనం చెయ్యి పట్టలేనంత కాకుండా వేడిగా ఉన్నప్పుడు చెనిక్కాయ నూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ ఒక చెంచా వేసి, లోపల, బయట, చెవులకు, అడుగుకు అంతా పూయాలి. తర్వాత పాత నూలుగుడ్డ తీసుకొని, పొరపాటున పూశాం, మొత్తం తుడిచేయాలి అన్నట్టు తుడవాలి. తడి కనపడకూడదు, సన్నటి మెరుపు మాత్రం ఉండాలి. ఎక్కువ పూస్తే బాగా పడుతుందనుకుంటారు. అట్లా పూస్తే జిగురు జిగురుగా మచ్చలు పడి, దోసెతో పాటు ఊడి వస్తుంది.

తుడిచాక బోర్లించి మంట మీద పెట్టాలి. కట్టెల పొయ్యి అయితే వేడి అంతటా పడుతుంది. గ్యాసు అయితే నడుమ ఎక్కువ, అంచులకు తక్కువ, అందుకే పట్టకారుతో తిప్పుతూ ఉండాలి. పొగ వస్తుంది. పొగ రావడం ఆగిపోయేదాకా ఉంచి, దించి, దానంతట అది చల్లారనివ్వాలి. ఇట్లా నాలుగైదు సార్లు. ఒక్కో పూతకు రంగు మారుతుంది. బూడిద రంగు పోయి గోధుమ రంగు, తర్వాత కాఫీ గింజ రంగు, చివరికి నలుపు. పొగకు ఇంటి లోపల కళ్లు మండుతాయి కాబట్టి మేము పెరట్లోనే చేస్తాం, చంటిబిడ్డలను దగ్గరికి రానివ్వం.

ఒకరోజులో అయిపోయే పని కాదిది. సోడాకు ఒక రాత్రి, తుప్పుకు ఒక పూట, నూనెకు ఒక రోజు. పొలం పనులు లేని రోజుల్లో పెట్టుకుంటే నలుగురం కూర్చొని ఎనిమిది పెనాలు ఒకేసారి చేస్తాం.

పొయ్యి మీదికి వచ్చాక

బాగు చేసిన పెనం మీద మొదటి నెల ఏం వండుతున్నామో చూసుకోవాలి. మూకుడైతే వడలు, బజ్జీలు, అప్పడాలు. నూనెలో కాగితే పొర ఇంకా గట్టిపడుతుంది. దోసె పెనమైతే మొదటి నాలుగు దోసెలు అంటుకుంటాయి, గొడ్డుకు పెట్టండి, దిగులు పడొద్దు. ఎర్రగడ్డను సగానికి కోసి, కత్తికి గుచ్చి, నూనెలో ముంచి దోసె దోసెకూ రుద్దుతాం కదా, ఆ అలవాటు మంచిది. వంకాయ తొడిమతో రుద్దినా సరే.

బీడు నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగా చల్లారుతుంది. మంట పెద్దది పెట్టి తొందర పెట్టొద్దు. నడిమి మంట మీద ఐదు నిమిషాలు వదిలేసి, నీళ్లు చిలకరిస్తే చుక్కలు ముత్యాల్లా ఉరకాలి, అప్పుడు మంట తగ్గించి పిండి పోయండి. ఆఖరి రెండు దోసెలకు గ్యాసు ఆపేసినా ఆ వేడికే కాలతాయి. చెనిక్కాయలు వేయించేటప్పుడు ఈ గుణం ఇంకా బాగా తెలుస్తుంది. సన్న మంట మీద వేయిస్తే పొట్టు మాడకుండా లోపలిదాకా వేగుతాయి, ఊరిబిండి రుచే మారిపోతుంది. నువ్వులు, ధనియాలు, ఎండుమిరపకాయలు కూడా అంతే.

రొట్టె పెనం వేరు, దోసె పెనం వేరు ఉంచుకోండి. పొడి పిండితో రొట్టెలు కాల్చిన పెనం మీద దోసె లేవదు. ఇది మన అవ్వలందరికీ తెలుసు, ఒకే పెనం ఉన్న ఇళ్లలో మాత్రం గొడవ వస్తుంది.

గుంత పొంగణాలకు బీడుకు మించింది లేదు. మూడు పాళ్ల బియ్యం, ఒక పాలు మినపప్పు, చెంచా మెంతులు నానబెట్టి రుబ్బి, రాత్రి పులియబెట్టిన పిండిలో నానిన శనగపప్పు, ఎర్రగడ్డ, పచ్చిమిరప, జీలకర్ర, కరివేపాకు కలుపుకోవాలి. గుంతకు అర చెంచా నూనె, ముప్పావు వంతు పిండి, పైన మూత. కింద ఎర్రబడ్డాక పుల్లతో తిప్పితే బంతిలా తిరుగుతుంది. తిరగకపోతే ఇంకా కాలలేదని అర్థం, పొడిచి లాగొద్దు.

చింతపండు పులుసు, టమోటా, గోగాకు, మజ్జిగ పులుసు లాంటి పుల్లటివాటిని మొదటి నెల ఇనుములో వండొద్దు. పులుపు మనం వేసిన పొరను కరిగిస్తుంది. పొర బాగా ముదిరాక పది నిమిషాల్లో అయ్యే గోగాకు వేపుడు, టమోటా పచ్చడి వండుకోవచ్చు. కానీ వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీసేయాలి. రాత్రి కూర ఇనుప మూకుడులోనే ఉంచి పొద్దున తినే అలవాటు మానుకోండి, నల్లగా మారి లోహం రుచి వస్తుంది. వంకాయ, అరటికాయ ఇనుములో కొంచెం నల్లబడతాయి. అది వాటి గుణం, చెడిపోయినట్టు కాదు.

కడగడం గురించి ఒక మాట. వేడి పెనం మీద చల్లనీళ్లు పోయొద్దు. బీడు పగిలేది ఎక్కువగా అక్కడే. చల్లారాక గోరువెచ్చని నీళ్లు, పీచు చాలు. ఎప్పుడైనా కొంచెం సబ్బు తగిలినా పూత పోదు, కానీ ఇనుప పీచుతో గీకితే పోతుంది. కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, వేలితో నూనె రాసి పెట్టండి. కొత్త కోడళ్లకు, ఇంట్లో పిల్లలకు ఈ నాలుగు మాటలు చెప్పకపోతే మనం పడ్డ కష్టం ఒక్క పూటలో సింకులో పోతుంది.

రక్తం సంగతి

అక్కల్లారా, పోయినసారి వైద్య శిబిరంలో మన సభ్యుల్లో ఎంతమందికి రక్తం తక్కువ ఉందని చెప్పారో మీకు గుర్తుండే ఉంటుంది. మన ఒక్క ఊరి కథ కాదిది. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. ఈ హాల్లో కూర్చున్న పది మందిలో దాదాపు ఆరుగురం అన్నమాట. మామూలు ఆడమనిషికి హిమోగ్లోబిన్ 12కు తగ్గకూడదు, గర్భిణికి 11కు తగ్గకూడదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడవాళ్లకు 29 కావాలి. మనకు ఎక్కువ కావాలి, కానీ కూర అందరికీ వడ్డించి ఆఖరున తినేది మనమే.

ఇనుప బోకులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. పులుపు, తడి ఉన్న వంటలో ఎక్కువ దిగుతుంది, పొడి వేపుడులో తక్కువ. ఆఫ్రికాలోని ఇథియోపియాలో చిన్నపిల్లలకు కొందరికి ఇనుప కుండల్లో, కొందరికి అల్యూమినియం కుండల్లో వండి పెట్టి చూశారు. ఇనుప కుండ తిండి తిన్న పిల్లల్లో రక్తం ఎక్కువ పెరిగిందని 1999లో అచ్చు వేశారు. మన అవ్వలు ఇనుప గరిటె, ఇనుప మూకుడు వాడింది లెక్కలు చూసి కాదు, కానీ మేలు మాత్రం జరిగింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పెనం మందు కాదు. ఇనుప మూకుడులో వండుతున్నాం కదా, ఇంక మాత్రలెందుకు అని ఎవరూ అనొద్దు. బాగా పాతబడి నల్లగా పొర పట్టిన పెనం నుంచి ఇనుము తక్కువే దిగుతుంది. గర్భిణులకు ఆశా అక్క ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాల్సిందే. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, ఏ పెనమూ అంత ఇవ్వదు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, కడుపులో తిప్పుతుంది అని పారేస్తున్నవాళ్లు ఉన్నారు. మలం నల్లబడటం మామూలే. తిప్పుతుంటే ఏఎన్‌ఎం అక్కను అడగండి, పారేయొద్దు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఇనుము ఒంటికి పట్టదు, గంట ఆగండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. తలసేమియా ఉన్న బిడ్డలున్న ఇళ్లవాళ్లు మాత్రం ఇనుప బోకుల్లో వండే ముందు డాక్టరును అడగాలి, వాళ్లకు ఇనుము ఎక్కువైతే కీడు.

డబ్బు సంగతి, గ్రూపులో వచ్చిన మాట

మేము ఒక పెనం బాగు చేసి ఇస్తే నూట యాభై రూపాయలు తీసుకుంటున్నాం, గ్రూపు సభ్యులకు వంద. సోడా, వెనిగర్, నూనె, కట్టెలు పోను మిగిలింది పని చేసినవాళ్లు పంచుకుంటారు. దీంతో మేడలు కట్టలేం. పంట పనులు లేని నెలల్లో వారం వాయిదా కట్టుకోవడానికి అక్కరకు వస్తుంది. పెట్టుబడికి అప్పు తీసుకోవాల్సిన పని లేదు, అది మాకు నచ్చింది.

ఈ పని తెలిసి టౌను నుంచి పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చాడు. బాగు చేసిన పెనాలు ఎన్నున్నా తీసుకుంటాను, పెద్దదానికి ఐదు వందలు ఇస్తాను అన్నాడు. అప్పుడు మా గ్రూపులో రెండు మాటలు వచ్చాయి. కొందరు ఏమన్నారంటే, ఊళ్లో ఎవరింటి పెనాలు వాళ్లు ఆటోకి కిలో లెక్కన వేస్తూనే ఉన్నారు, ఆ రేటుకు మనమే కొని, బాగు చేసి ఐదు వందలకు అమ్ముదాం, తప్పేముంది, వ్యాపారమంటే అదే కదా అన్నారు. వాళ్లు ఆశపడి అన్నమాట కాదు. వాయిదా కట్టలేక ఇబ్బంది పడుతున్న ఇంటి నుంచి వచ్చిన మాట.

ఇంకొందరు అడిగింది ఇది. ఆటో ఆయన మనకు చేసిందే మనం పక్కింటామెకు చేస్తే, ఆయనకూ మనకూ తేడా ఏముంది? పెనం విలువ తెలియక వంద రూపాయలకు ఇచ్చే ఆమె కూడా మన లాంటి పొదుపు సభ్యురాలే. మన దగ్గర ఉన్న తెలివి ఆమె దగ్గర లేదు, అంతే. ఆమెకు లేని తెలివి మీద మనం లాభం తీసుకుంటే గ్రూపు ఎందుకు పెట్టుకున్నట్టు?

రెండు మీటింగులు ఇదే నడిచింది. చివరికి అందరం ఒప్పుకొని మినిట్స్ పుస్తకంలో నాలుగు తీర్మానాలు రాసి సంతకాలు పెట్టాం.

ఒకటి, పాత పెనం కిలో లెక్కన కొనకూడదు. అమ్మదలచిన ఆమెకు, బాగు చేశాక అది ఎంత పలుకుతుందో ముందే చెప్పాలి.

రెండు, అమ్మగా వచ్చిన డబ్బులో ఖర్చులు తీసేసి సగం పెనం ఇచ్చినామెకు, సగం పని చేసినవాళ్లకు.

మూడు, ఇంట్లో ఆడమనిషి స్వయంగా వచ్చి చెబితేనే తీసుకోవాలి. భర్తో కొడుకో మధ్యాహ్నం పూట గుట్టుగా తెచ్చి ఇస్తే తీసుకోకూడదు. పెనం ఆమె వస్తువు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నదో, అత్త చేతిలోంచి వచ్చిందో, వేరు పడ్డప్పుడు పంపకంలో వచ్చిందో, దాని మీద మాట ఆమెదే.

నాలుగు, గర్భిణి గానీ బాలింత గానీ ఎదిగే ఆడపిల్ల గానీ ఉన్న ఇంట్లో అదొక్కటే ఇనుప పెనమైతే అమ్మకానికి తీసుకోం. వాడుకునేట్టు బాగు చేసి ఇస్తాం, డబ్బు తర్వాత ఇచ్చినా సరే.

ఈ నాలుగో తీర్మానం వల్ల మాకు వచ్చే డబ్బు తగ్గింది, ఆ మాట దాచిపెట్టడం లేదు. కానీ ఇప్పుడు పెనం తెచ్చేవాళ్లు పక్క ఊళ్ల నుంచి కూడా వస్తున్నారు. అమ్మడానికి వచ్చిన వాళ్లలో చాలామంది, నునుపు తేలిన పెనం మీద ఒక దోసె పోసి చూపించేసరికి, అమ్మం, మేమే వాడుకుంటాం అని తీసుకొని పోతున్నారు. టౌను ఆయనకు పెనాలు తక్కువ దొరుకుతున్నాయి. మాకు అది నష్టమని అనిపించడం లేదు.

మేము కోరేది

ఈ సమావేశం నుంచి ఇంటికి పోయాక ఒక్క పని చేయండి. అటక ఎక్కండి, కొట్టం వెతకండి. పెనం దొరికితే చెవి పట్టి ఎత్తి తట్టి చూడండి. మోగితే దాన్ని తూకానికి వేయొద్దు. మీ గ్రూపులో పెద్దామె ఉంటే గంజి ఎట్లా పోసేదో, నూనె ఎట్లా పట్టించేదో ఆమెను అడగండి. ఆమెకు తెలిసినది ఏ ట్రైనింగులోనూ చెప్పరు, ఆమె ఉన్నప్పుడే నేర్చుకోవాలి. నేర్చుకోవాలంటే మా ఊరికి రండి, పొలం పనులు లేని రోజు చూసుకొని ఒక పూట కూర్చుందాం. దానికి డబ్బు తీసుకోం.

ఈ పని మీ ఊళ్లో మొదలుపెడితే, మా నాలుగు తీర్మానాలు మీ పుస్తకంలో కూడా రాసుకోండి అని సమాఖ్యను కోరుతున్నాం. అన్ని ఊళ్లలో ఒకటే మాట ఉంటే ఏ ఊరి పెనమూ కిలో లెక్కన పోదు.